గుర్తుండేది ఒక్క భోజనమే!

సెలవులకు వెళ్లొచ్చినవాళ్లను 'ప్రయాణం ఎలా జరిగింది?' అని అడిగి చూడండి. చూసిన గుళ్లూ గోపురాలూ, ఎక్కిన కొండలూ, తిరిగిన పార్కులూ రెండు నిమిషాల్లో అయిపోతాయి. ఆ తర్వాత మాట తిండి మీదికి మళ్లుతుంది. సముద్రం ఒడ్డున తిన్న వేపుడు చేప, రాత్రి పదింటికి వీధి చివర బండి దగ్గర లాగించిన నూడుల్స్, ఎవరో పట్టుబట్టి తాగించిన పేరు తిరగని పానీయం... వీటి గురించి చెప్పేటప్పుడు గొంతే మారిపోతుంది. ఏళ్లు గడిచాక ఊరి పేరు మరిచిపోయినా ఆ రుచి మాత్రం నాలుక మీదే ఉంటుంది.

కాస్త ఆగి వింటే మరో కథ కూడా బయటికొస్తుంది. 'మూడో రోజంతా కడుపు పట్టుకుని గదిలోనే పడుకున్నాం' అనో, 'ఆ రాత్రి బారు నుంచి గదికి ఎలా వచ్చామో గుర్తే లేదు' అనో నవ్వుతూ చెబుతారు. నాన్నగారికి షుగర్ పడిపోయి అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తిన సంగతైతే నవ్వుతూ చెప్పేది కాదు.

ఈ రెండు కథలూ ఒకే ప్రయాణంలో, ఒక్కోసారి ఒకే బల్ల దగ్గర పుడుతుంటాయి. అందుకే సెలవుల తిండి గురించి రాసేటప్పుడు 'అది వద్దు, ఇది ముట్టుకోవద్దు' అంటూ పెద్ద జాబితా ఇవ్వడం మామూలే. ఇంత డబ్బు పోసి వెళ్లి అలాంటి జాబితాను పాటించేవాళ్లెందరు? మేం చెప్పదలచుకున్నది వేరు. కొత్త ఊళ్లో చక్కగా తినండి. అయితే ప్రతి పూటా పండగ చేసుకోకండి. ఆ ఊరికే ప్రత్యేకమైన ఒక్క భోజనం, అలవాటుంటే దాంతోపాటు ఒక్క గ్లాసు... వీటిని మీరే ఎంచుకుని, తీరిగ్గా కూర్చుని ఆస్వాదించండి. మనసు దాచుకునేదీ అంతే, ఒళ్లు హాయిగా భరించగలిగేదీ అంతే.

మనసు లెక్క వేరు

మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్ 2002లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. 1993లో ఆయన, సహచరులు ప్రచురించిన ప్రయోగం ఒకటి తమాషాగా ఉంటుంది. కొందరిని బాగా చల్లటి నీళ్లలో 60 సెకన్లపాటు చెయ్యి పెట్టమన్నారు. ఇంకోసారి అదే చలిలో 60 సెకన్లు ఉంచాక, మరో 30 సెకన్లు తియ్యొద్దన్నారు. ఆ చివరి 30 సెకన్లలో నీటి చలిని కాస్తంత తగ్గించారు. 'ఇప్పుడు మళ్లీ చెయ్యాలంటే రెండింటిలో ఏది చేస్తారు?' అని అడిగితే, ఎక్కువమంది 90 సెకన్లదాన్నే కోరుకున్నారు! అనుభవం ఎంతసేపు సాగిందన్నది మనసు పెద్దగా లెక్కపెట్టదన్నమాట. అందులోని పతాకస్థాయినీ, అది ముగిసిన తీరునీ పట్టుకుని మొత్తానికి మార్కులు వేసేస్తుంది.

దీన్ని సెలవుల తిండికి అన్వయించుకుని చూడండి. అయిదు రోజుల ప్రయాణమంటే పదిహేను పూటలు. పదిహేనూ విందులే అయినా చివరికి గుర్తుండేది ఒకటో రెండో. మిగతావన్నీ పొట్టలోకి వెళ్తాయిగానీ జ్ఞాపకంలోకి వెళ్లవు. నూనె, ఉప్పు, పంచదార లెక్కను మాత్రం ఒళ్లు పూటపూటా రాసుకుంటూనే ఉంటుంది.

నాలుక తీరూ ఇలాంటిదే. ఒకే పదార్థాన్ని తింటూ పోతే తొలి ముద్దల్లో ఉన్న ఆనందం క్రమంగా పలచబడిపోతుంది. కానీ పక్కన కొత్త వంటకం కనిపిస్తే ఆశ మళ్లీ మొదటికొస్తుంది. పోషకాహార శాస్త్రవేత్త బార్బరా రోల్స్ 1980ల్లోనే దీన్ని ప్రయోగాలతో చూపించారు. పెళ్లి భోజనంలో పెరుగన్నం దాకా తినేసి 'ఇక చోటు లేదు' అన్నవాళ్లు కూడా ఐస్‌క్రీమ్ కప్పు అందుకునేది అందుకే. హోటల్ బఫేలో పళ్లెం మీద పళ్లెం నిండేదీ అందుకే. దీన్నుంచి నేర్చుకోవాల్సింది చాలా తేలిక. నలుగురు వెళ్లినప్పుడు తలా ఒకటి చెప్పకుండా, రెండు మూడు వంటకాలు తెప్పించుకుని పంచుకోండి. అందరికీ అన్ని రుచులూ అందుతాయి, ఎవరికీ మోతాదు మించదు.

పొయ్యి కనిపించే చోట తినండి

మనవాళ్లు తరచూ వెళ్లే సింగపూర్‌నే తీసుకుందాం. హైదరాబాద్, విశాఖపట్నం నుంచి నేరుగా విమానాలున్నాయి. అక్కడి లిటిల్ ఇండియాలో సెరంగూన్ రోడ్డు మీదికి వెళితే 1947 నుంచీ నడుస్తున్న కోమల విలాస్‌లో దోసె, ఇడ్లీ, భోజనం దొరుకుతాయి. చాలా ప్యాకేజీ యాత్రల్లో బస్సు మూడు పూటలా ఇలాంటి భోజనశాల ముందే ఆగుతుంది. పరాయి ఊళ్లో మన సాంబారు దొరకడం హాయే, పెద్దవాళ్లకూ పిల్లలకూ అవసరం కూడా. కానీ సింగపూర్ వెళ్లి సింగపూర్ తిండి ఒక్కపూటైనా తినకుండా తిరిగొస్తే ఏదో వెలితి మిగిలిపోతుంది.

ఆ ఒక్క పూటకు తగినవి అక్కడి హాకర్ సెంటర్లు. పెద్ద కప్పు కింద పదుల కొద్దీ చిన్న దుకాణాలు, మధ్యలో అందరికీ కలిపి బల్లలు. చైనా, మలయ్, తమిళ వంటలన్నీ పక్కపక్కనే ఉడుకుతుంటాయి. ఈ హాకర్ సంస్కృతికి 2020లో యునెస్కో వారసత్వ జాబితాలో చోటు దక్కింది. 2016లో ఇలాంటి రెండు దుకాణాలకు మిషెలిన్ స్టార్లు కూడా వచ్చాయి. బ్యాంకాక్‌లో నిప్పుల పొయ్యి మీద పీతమాంసం ఆమ్లెట్ వేసే 'జే ఫాయ్' దుకాణానిదీ ఇలాంటి ఘనతే.

'వీధి తిండి కదా, కడుపు పాడవదా?' అన్నది మీ సందేహం కావచ్చు. నిజానికి కడుపును పాడుచేసేది వీధీ కాదు, హోటల్ స్థాయీ కాదు. వేడి తగ్గిన తిండి, శుభ్రంగాలేని నీళ్లు, కడుక్కోని చేతులు. ఆహారంలో సూక్ష్మక్రిములు ఇష్టారాజ్యంగా పెరిగేది 5 డిగ్రీలకు పైన, 60 డిగ్రీల సెల్సియస్‌కు లోపు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ తిండిని వడ్డించేదాకా 60 డిగ్రీలకు పైనే ఉంచమంటుంది. మీ కళ్ల ముందే బాణలిలో పెద్ద మంట మీద వేగి, పొగలు కక్కుతూ పళ్లెంలోకి వచ్చిన నూడుల్స్ చాలావరకు భద్రమే. అదే నక్షత్రాల హోటల్లో పొద్దుట్నుంచీ గోరువెచ్చని పళ్లాల్లో ఉండిపోయిన ఫ్రైడ్ రైస్, ఈగ వాలినా కనిపించని మయొన్నైజ్ సలాడ్ అంత భద్రం కాకపోవచ్చు.

జనం బారులు తీరిన దుకాణాన్ని ఎంచుకోమని పెద్దలు చెప్పేదానిలోనూ అర్థముంది. గిరాకీ ఎక్కువున్నచోట వండింది వండినట్టే అయిపోతుంది, నిల్వ ఉండదు. సింగపూర్‌లో పేరున్న చికెన్ రైస్‌లో కోడిముక్కలను పొగలు కక్కుతూ ఇవ్వరు. ఉడికించి చల్లార్చి కోస్తారు. అలాంటివి తినాలనిపిస్తే రద్దీ దుకాణంలో, రద్దీ వేళలోనే తినండి. ఖాళీగా ఉన్న దుకాణంలో మధ్యాహ్నం నాలుగింటికి వద్దు.

మనకు తెలియని ఊరిలో నీటి సంగతి ముందే కనుక్కోవాలి. సింగపూర్‌లో కుళాయి నీళ్లు నేరుగా తాగొచ్చు. థాయ్‌లాండ్, వియత్నాం, బాలిల్లో మాత్రం సీలు వేసిన సీసా నీళ్లే మంచిది. పళ్లు తినాలనుకుంటే అరటి, నారింజ లాంటివి మీరే ఒలుచుకు తినండి. కోసి అద్దాల పెట్టెలో పెట్టిన ముక్కలకు దూరంగా ఉండండి. 'మద్యంలో వేస్తే ఐస్‌లోని క్రిములు చచ్చిపోతాయి' అని కొందరు గట్టిగా నమ్ముతారు. చచ్చిపోవు. కాక్‌టెయిల్‌లో ఉండేపాటి ఆల్కహాల్‌కు ఆ శక్తి లేదు.

ప్రయాణికుల విరేచనాలు ఏమంత అరుదైన సంగతి కాదు. అమెరికాలోని వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీ అంచనా ప్రకారం, రెండు వారాల ప్రయాణంలో 30 నుంచి 70 శాతం మంది వీటి బారిన పడుతుంటారు. వెళ్లిన ప్రాంతాన్ని బట్టి, రుతువును బట్టి ఈ అంకె మారుతుంది. ఎక్కువసార్లు కారణం ఇ.కొలై బ్యాక్టీరియాలోని ఒక రకం. 'మనది ఇండియా కడుపు, దేన్నైనా అరాయించుకుంటుంది' అనుకోకండి. ఊరు మారితే క్రిములూ మారతాయి.

పచ్చి ఆల్చిప్పలు, సరిగా ఉడకని సముద్రపు తిండి విషయంలో ఇంకాస్త జాగ్రత్త. కాలేయ జబ్బు ఉన్నవాళ్లు, బాగా తాగే అలవాటున్నవాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు వాటిని అసలు ముట్టకూడదు. వాటిలో ఉండే విబ్రియో వల్నిఫికస్ అనే బ్యాక్టీరియా వీళ్ల రక్తంలోకి పాకి ప్రాణం మీదికి తెస్తుంది.

శాకాహారులైతే ముందే అడగండి

థాయ్‌లాండ్‌లో 'కూరగాయల వేపుడే' అని ఇచ్చినదాంట్లోనూ చేపల సాస్ ఉండొచ్చు. దాన్ని అక్కడ 'నామ్ ప్లా' అంటారు. మలేసియా, సింగపూర్ వంటల్లో ఎండురొయ్యల ముద్ద 'బెలచాన్' వేస్తారు. చైనా వేపుళ్లలో ఆల్చిప్పల సాస్ మామూలే. 'మాంసం వద్దు' అని చెబితే ఇవన్నీ మాంసం కిందికి రావని వంటవాళ్లు అనుకోవచ్చు. థాయ్‌లాండ్‌లో 'జే' అన్న అక్షరం రాసిన పసుపు జెండా కనిపిస్తే అది శాకాహారానికి గుర్తు. అక్కడ గుడ్డు, పాలు కూడా వాడరు.

ఇది ఒక్క ఆచారానికి సంబంధించిన సంగతే కాదు. రొయ్యలు, వేరుసెనగలు పడనివాళ్లకు ఇదే ప్రాణాపాయం. వేరుసెనగ పొడి ప్యాడ్ థాయ్ మీద, సాటే సాస్‌లో ధారాళంగా పడుతుంది. మీకు పడని పదార్థాల పేర్లను ఆ దేశపు భాషలో ఓ చీటీ మీద రాయించుకుని, హోటల్లో ముందే చూపించండి. గతంలో తీవ్రమైన అలర్జీ వచ్చినవాళ్లు డాక్టర్ రాసిచ్చిన ఇంజెక్షన్‌ను గదిలోని పెట్టెలో వదిలేసి వెళ్లొద్దు. చేతిసంచిలోనే ఉండాలి.

గ్లాసులో ఏముంది?

ఇక కాక్‌టెయిల్ సంగతి. మద్యం అలవాటు లేనివాళ్లు ప్రయాణం పేరు చెప్పుకుని మొదలుపెట్టాల్సిన పనిలేదు. ఏ మోతాదులోనైనా మద్యం ఆరోగ్యానికి సురక్షితమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగానే ప్రకటించింది. క్యాన్సర్‌కు కచ్చితమైన కారణాల జాబితాలో మద్యం 1988 నుంచీ ఉంది. ఇది తెలిసీ 'సెలవుల్లో ఒక్క గ్లాసు' అనుకునేవాళ్లు చాలామందే ఉంటారు. వాళ్లు ఆ గ్లాసులో ఏముందో తెలుసుకుని తాగడం అవసరం.

సింగపూర్‌లోనే ఉన్నాం కాబట్టి అక్కడి ప్రసిద్ధ పానీయం 'సింగపూర్ స్లింగ్' చూద్దాం. ర్యాఫిల్స్ హోటల్లోని లాంగ్ బార్‌లో ఎన్‌గ్యామ్ టాంగ్ బూన్ అనే బార్‌టెండర్ 1915లో దీన్ని తయారుచేశాడని ఆ హోటల్ చెబుతుంది. నలుగురిలో ఆడవాళ్లు మద్యం తాగడాన్ని తప్పుపట్టే రోజులవి. అందుకే చూడటానికి అచ్చం పళ్లరసంలా, గులాబీ రంగులో ఉండేలా కలిపాడట. వందేళ్లు దాటినా యాత్రికులు వరుసకట్టి మరీ తాగుతున్నారు. వేరుసెనక్కాయలు ఒలిచి తొక్కలు నేలమీదే పడేయడం అక్కడి ఆనవాయితీ.

ఆ పళ్లరసపు వేషం వెనుక లెక్క ఇదీ. అంతర్జాతీయ బార్‌టెండర్ల సంఘం కొలతల ప్రకారం ఇందులో జిన్ 30 మి.లీ., చెర్రీ మద్యం 15 మి.లీ., మరో రెండు తీపి మద్యాలు ఏడున్నర మి.లీ. చొప్పున పడతాయి. మిగతాది 120 మి.లీ. అనాస రసం, నిమ్మరసం, దానిమ్మ సిరప్. మొత్తం కలిపితే స్వచ్ఛమైన ఆల్కహాల్ దాదాపు 17 గ్రాములు. 10 గ్రాములను ఒక ప్రామాణిక 'డ్రింక్'గా లెక్కిస్తే ఇది ఇంచుమించు ఒకటిన్నర పైమాటే. తీపి మూలంగా ఆ ఘాటు నాలుకకు తెలియదు. పంచదార సంగతి సరేసరి.

పేరు చూసి మోసపోయేది ఇంకోటుంది: లాంగ్ ఐలాండ్ ఐస్‌డ్ టీ. ఇందులో టీ చుక్క కూడా ఉండదు. వోడ్కా, టెకీలా, రమ్, జిన్, నారింజ మద్యం... అయిదూ 15 మి.లీ. చొప్పున, పైన కాస్త కోలా. ఒక్క గ్లాసులో దాదాపు 24 గ్రాముల ఆల్కహాల్! ఐస్‌డ్ టీయే కదా అని చెప్పి, దాహానికి తాగేస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. పైగా ఇవి కొలతల ప్రకారం కలిపితే వచ్చే లెక్కలు. చెయ్యి వాటంగా పోసే చోట మరింత ఎక్కువే ఉంటుంది.

ఇక్కడే జ్ఞాపకం సంగతి మళ్లీ వస్తుంది. రోజువారీ సంఘటనలను జ్ఞాపకాలుగా మలిచేది మెదడులోని హిప్పోక్యాంపస్. రక్తంలో ఆల్కహాల్ ఒక్కసారిగా పెరిగిపోతే ఆ పని కుంటుపడుతుంది. మనిషి మాట్లాడుతూనే ఉంటాడు, నవ్వుతూనే ఉంటాడు, మర్నాటికి ఏదీ గుర్తుండదు. ఖాళీ కడుపుతో, గబగబా తాగినప్పుడు ఇది మరింత ఎక్కువ. అంటే వేలు ఖర్చుపెట్టి, వందల మైళ్లు వెళ్లి తిన్న ఆ విందును చెరిపేసేది మూడో గ్లాసే! తాగాలనుకుంటే ఒక్కటే తీసుకోండి. తిండితోపాటు తీసుకోండి, నెమ్మదిగా తాగండి, మధ్యమధ్యలో నీళ్లు తాగండి. తాగనివాళ్లు మొహమాటపడక్కర్లేదు. అవే పళ్లరసాలతో, అంతే అందంగా మద్యం లేని మాక్‌టెయిల్ కలిపివ్వమంటే ఏ మంచి బార్‌టెండరైనా ఆనందంగా కలిపిస్తాడు.

చౌక మద్యం... చూపును, ప్రాణాన్ని తీసేస్తుంది

ఈ మొత్తంలో అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సింది ఇది. 2024 నవంబరులో లావోస్‌లోని వాంగ్ వియెంగ్ అనే యాత్రికుల పట్టణంలో మెథనాల్ కలిసిన మద్యం తాగి ఆరుగురు విదేశీయులు చనిపోయారు. వాళ్లలో ఇద్దరు 19 ఏళ్ల ఆస్ట్రేలియా అమ్మాయిలు. బాలిలో 'అరక్' అనే స్థానిక సారా కల్తీ అయి గతంలోనూ యాత్రికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. మనకూ ఇది కొత్త కాదు. 2024 జూన్‌లోనే తమిళనాడులోని కళ్లకురిచ్చిలో కల్తీసారా 60 మందికి పైగా ప్రాణాలు తీసింది. అక్కడ చనిపోయింది కూలీనాలీ చేసుకునేవాళ్లు, లావోస్‌లో యాత్రికులు. విషం మాత్రం ఒకటే.

మెథనాల్‌ను వాసనతో, రుచితో పసిగట్టలేం. శరీరంలోకి వెళ్లాక కాలేయం దాన్ని ఫార్మిక్ యాసిడ్‌గా మారుస్తుంది. అది కంటి నరాన్ని దెబ్బతీస్తుంది, రక్తాన్ని ఆమ్లంగా మార్చేస్తుంది. 30 మి.లీ. లాంటి కొద్ది మోతాదు కూడా ప్రాణాంతకం కావొచ్చు. ప్రమాదమంతా ఆలస్యంలో ఉంది. మొదట మామూలు మత్తులాగే ఉంటుంది. అసలు లక్షణాలు 12 నుంచి 24 గంటల తర్వాత బయటపడతాయి. దాంతో 'రాత్రిది ఇంకా దిగలేదు' అనుకుని పడుకుండిపోతారు.

తాగిన మర్నాడు చూపు మసకబారినా, కళ్ల ముందు మంచు కురుస్తున్నట్టు తెల్లగా కనిపించినా, తీవ్రమైన కడుపునొప్పి, వాంతులు, ఆయాసం ఉన్నా ఒక్క నిమిషం ఆగొద్దు. పెద్దాసుపత్రికి వెళ్లి 'మెథనాల్ అనుమానం' అని మీరే చెప్పండి. సకాలంలో వెళితే విరుగుడు మందులున్నాయి, డయాలసిస్ ఉంది. మీతో కలిసి తాగినవాళ్లనూ, లక్షణాలు లేకపోయినా సరే, పరీక్ష చేయించుకోమనండి.

ముందు జాగ్రత్త ఇంకా తేలిక. ఉచితంగా పోసే షాట్లు, బకెట్లలో కలిపిచ్చే మద్యం, పేరూ సీలూ లేని సీసాలు, నమ్మలేనంత చౌక కాక్‌టెయిళ్లు వద్దు. తెలియని చోట తాగక తప్పదనుకుంటే, మీ ముందే మూత తీసిన బీరు సీసా కల్తీ కాక్‌టెయిల్ కన్నా నయం. గ్లాసును వదిలి లేచి వెళితే తిరిగొచ్చి దాన్ని తాగకండి.

మాత్రలు వేసుకునేవాళ్లకు

మధుమేహానికి గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలో, ఇన్సులినో తీసుకునేవాళ్లు ఖాళీ కడుపుతో మద్యం తాగితే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. మామూలుగా షుగర్ తగ్గితే కాలేయం తన నిల్వల్లోంచి గ్లూకోజ్‌ను విడుదల చేస్తుంది. మద్యాన్ని వదిలించుకునే పనిలో ఉన్నప్పుడు ఆ పని సరిగా చేయలేదు. తడబాటు, చెమటలు, మాట తేడా... చూసేవాళ్లకు అది మత్తులాగే కనిపిస్తుంది. అందుకే ఇలాంటివాళ్లు ఒంటరిగా తాగకూడదు, తిండి లేకుండా అసలే తాగకూడదు. రాత్రి పడుకునే ముందు షుగర్ చూసుకోవాలి.

కడుపు పాడైందని మెట్రోనిడజోల్, టినిడజోల్ వేసుకున్నవాళ్లు, కోర్సు పూర్తయ్యాక కూడా రెండు మూడు రోజులు మద్యం ముట్టకూడదు. వాంతులు, గుండెదడ, ముఖం ఎర్రబారడం లాంటివి రావొచ్చు. నిద్రమాత్రలతో మద్యం కలిస్తే శ్వాసే మందగిస్తుంది.

విమానంలో 'ఉచితమే కదా' అని తాగేవాళ్లకూ ఓ మాట. విమానం లోపలి గాలి పీడనం ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నట్టుంటుంది. 2024లో థొరాక్స్ వైద్యపత్రికలో జర్మనీ పరిశోధకులు ఓ అధ్యయనం ప్రచురించారు. మద్యం తాగి అలాంటి పీడనంలో నిద్రపోయిన ఆరోగ్యవంతులైన యువతీయువకుల్లో కూడా రక్తంలో ఆక్సిజన్ 85 శాతం దగ్గరికి పడిపోయింది, గుండె వేగం పెరిగింది. ఊపిరితిత్తుల జబ్బు, గుండెజబ్బు ఉన్నవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. పైగా ఆ పొడిగాలిలో, ఆ చప్పుడులో ఉప్పు, తీపి రుచులు సరిగా తెలియవు. రుచి తెలియని చోట ఎందుకు తినడం, ఎందుకు తాగడం? నీళ్లు తాగి నిద్రపోండి.

గోవాలో స్కూటర్ అద్దెకు తీసుకుని తిరిగేవాళ్లు మరువకూడనిది మరొకటి. మన చట్టం ప్రకారం 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. ఆల్కహాల్ మించితే బండి నడపడం నేరం. 40 శాతం పైబడి ఆల్కహాల్ ఉండే ఫెనీ తాగి 'ఇక్కడికే కదా' అని బండెక్కకండి. తాగి చేసిన ప్రమాదాలకు చాలా ప్రయాణ బీమాలు పైసా చెల్లించవు. తాగి సముద్రంలో, ఈత కొలనులో దిగడమూ అంతే ప్రమాదం.

కడుపు తిరగబడితే...

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఒక్కోసారి విరేచనాలు పట్టుకుంటాయి. భయపడక్కర్లేదు. చాలావరకు మూడు నాలుగు రోజుల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. పోయిన నీటిని భర్తీ చేయడమే అసలు చికిత్స.

* ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఇంటి నుంచే తీసుకెళ్లండి. దొరకకపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు తలకొట్టి కలుపుకొని, కొద్దికొద్దిగా తాగుతుండండి.

* అన్నం, పెరుగు, అరటిపండు, ఇడ్లీ లాంటి తేలికైనవి తినండి. పస్తులుండక్కర్లేదు. కూల్‌డ్రింకులు, మద్యం, నూనె వంటకాలు ఆపేయండి.

* విరేచనాలను ఆపే లోపెరమైడ్ లాంటి మాత్రలను పిల్లలకు ఇవ్వొద్దు. జ్వరం ఉన్నా, మలంలో రక్తం పడుతున్నా పెద్దవాళ్లూ వేసుకోకూడదు.

* రక్తం, తీవ్రమైన జ్వరం, ఆగని వాంతులు, మూత్రం తగ్గిపోవడం, మగత... వీటిలో ఏది కనిపించినా డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధులు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల విషయంలో అసలు ఆలస్యం చేయొద్దు.

* బీపీ, షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లకు విరేచనాలు ఎక్కువైతే వాటిలో కొన్నింటిని తాత్కాలికంగా ఆపాల్సి రావొచ్చు. అవి ఏవో బయల్దేరే ముందే మీ డాక్టర్‌ను అడిగి రాసుకోండి.

ఆ ఒక్క పూటను ముందే ఎంచుకోండి

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. ప్రయాణం ఖరారవగానే విమానం టికెట్లూ గదులూ ఎలా చూసుకుంటారో, ఆ ఒక్క భోజనాన్నీ అలాగే చూసుకోండి. ఆ ఊళ్లో తప్ప మరెక్కడా దొరకనిదేమిటో కనుక్కోండి. అది రెండువందల రూపాయల నూడుల్స్ అయినా కావొచ్చు, పెద్ద హోటల్లో పీతల కూరైనా కావొచ్చు. చేరిన రోజున అలసట ఉంటుంది, బయల్దేరే రోజున హడావుడి ఉంటుంది. ఆ రెండూ వదిలేసి మధ్యలో ఓ పూట పెట్టుకోండి. ఆ రోజు మిగతా రెండు పూటలూ తేలిగ్గా తినండి.

పెద్దవాళ్లు వెంట ఉంటే వాళ్ల మాత్రల వేళకు తగ్గట్టు భోజనం పెట్టుకోండి. పిల్లలు విదేశాల్లో ఉంటే వాళ్లను చూడటానికి వెళ్లే అమ్మానాన్నలు 'మీ ఇష్టం నాన్నా' అంటారేగానీ ఆకలేస్తోందని నోరు తెరిచి చెప్పరు. రాత్రి తొమ్మిదిన్నరకు బల్ల దొరికే రెస్టారెంట్ కన్నా, ఏడింటికి వేడిగా పెట్టే చిన్న చోటే వాళ్లకు హాయి. ఇన్సులిన్ వేసుకున్నాక తిండి ఆలస్యమైతే మాత్రం అది ప్రమాదమే.

కూర్చున్నాక ఫొటో ఒకటి తీసి ఫోన్ పక్కన పెట్టేయండి. ముందు వాసన చూడండి. వాసన సంకేతాలు మెదడులోని జ్ఞాపకాల కేంద్రాలకు అతి దగ్గరి దారిలో చేరతాయి. ఏళ్ల తర్వాత ఎక్కడో అదే పోపు ఘాటు తగిలితే ఆ సాయంత్రమంతా కళ్ల ముందు కదిలేది ఆ దారి వల్లే. వంటకం పేరు అడిగి తెలుసుకోండి, వండినవాళ్లను పలకరించండి. కడుపు నిండకముందే, ఇంకో ముద్ద ఉంటే బాగుండుననిపించేటప్పుడే లేవండి. మనసు చివరి ఘట్టాన్నే ఎక్కువగా గుర్తుపెట్టుకుంటుందని చెప్పుకున్నాం కదా! భుక్తాయాసంతో ముగిసిన విందు కన్నా, భోజనం చేసి పిల్లల చెయ్యి పట్టుకుని ఓ పావుగంట నడిచిన సాయంత్రమే మీతో మిగిలిపోతుంది.

ఈసారి పెట్టె సర్దుకునేటప్పుడు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు నాలుగు, రోజూ వేసుకునే మాత్రలు, మందుల చీటీ నకలు, మీకు పడని పదార్థాల చీటీ పైన చేతికందేలా పెట్టండి. ఆవకాయ సీసా, పులిహోర పొడి తీసుకెళ్తే తప్పేం లేదు. మిగతా పూటలకు అవే అక్కరకొస్తాయి.